పప్పు నానబోసి పడుకోండి

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో మీలో ఇద్దరు ఒకే సంగతి రెండు రకాలుగా అడిగారు. హైదరాబాదులో చదువుకుంటున్న చిన్నది, "బరువు తగ్గాలని పొద్దున్న టిఫిను మానేశాను అమ్మమ్మా, పదకొండయ్యేసరికి నీరసం వచ్చి క్యాంటీనులో రెండు సమోసాలు తినేస్తున్నాను" అంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పెద్దవాడు, "డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడి కొనుక్కోనా?" అన్నాడు. ఇవి ఫోనులో రెండు ముక్కల్లో తేలే మాటలు కావు. ముప్పై ఏళ్ళు బడిలో గృహవిజ్ఞానం చెప్పాను, అంతకన్నా ఎక్కువ కాలం పొయ్యి దగ్గర నిలబడ్డాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళకు ముందుగా ఒక మాట. మీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. మీరు తిండి తగ్గించకూడదు, తినేది మార్చుకుంటే చాలు. ఎవరో "లావయ్యావు" అన్నారని అన్నం మానేస్తే, ఆ మాట అన్నవాళ్ళకు పోయేది ఏమీ లేదు, మీ ఎత్తూ మీ బలమూ పోతాయి. నిజంగా బరువు ఎక్కువగా ఉందని అనిపిస్తే అమ్మనో నాన్ననో తీసుకుని వైద్యుల దగ్గరకు వెళ్ళండి. ఆడపిల్లలూ, తిండి తగ్గించాక నెలసరి తప్పితే ఆ ప్రయత్నం ఆ రోజే ఆపేయండి. అది శరీరం పెడుతున్న కేక.

ఇప్పుడు పళ్ళెంలోకి చూద్దాం. ఒక ప్లేటు ఉప్మా చేయడానికి 70 గ్రాముల బొంబాయి రవ్వ పడుతుందనుకోండి. అందులో ఉండే మాంసకృత్తులు, అంటే మీరు ప్రోటీన్ అనేవి, 7 గ్రాములకు కాస్త అటూ ఇటూ. నాలుగు ఇడ్లీలు తిన్నా దాదాపు అంతే, ఒక్కో ఇడ్లీకి 2 గ్రాములు. అదే 50 గ్రాముల పెసలు నానబోసి రుబ్బి రెండు అట్లు పోసుకుంటే 11, 12 గ్రాములు వస్తాయి. బియ్యంలో నూటికి 7, 8 గ్రాములుంటే, మన పప్పుల్లో నూటికి 20 నుంచి 24 దాకా ఉంటాయి. మూడింతలు. మన పొద్దుటి పళ్ళెంలో నూక, రవ్వ పెరుగుతూ వచ్చి పప్పు పక్కకు తప్పుకుంది. చిన్నదాని నీరసానికి మూలం టిఫిను మానేయడం ఒక్కటే కాదు. అంతకుముందు తిన్న టిఫినులో కూడా నిలబెట్టే సరుకు లేదు.

మనిషికి ఎంత కావాలి? హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో మన హైదరాబాదుకు వచ్చింది. దేశమంతటికీ ఆహారపు లెక్కలు కట్టేది ఆ సంస్థే. పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని వాళ్ళ లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మూడు పూటలకు పంచితే పూటకు 16, 17. బరువు తగ్గాలనుకునేవాళ్ళు ఉదయం 20 దగ్గరకు చేర్చుకోవాలని నేను చెబుతాను. పగలంతా మీ చేతిలో ఉండదు, ఎవరో పుట్టినరోజు కేకు తెస్తారు, ఎవరో బజ్జీలు పట్టుకొస్తారు. పొద్దున్న నిండుగా తిన్న కడుపు వాటికి తొందరపడదు.

ఇది నమ్మకం మీద చెబుతున్న మాట కాదు. మాంసకృత్తులు కడుపు నిండిన భావన ఎక్కువసేపు నిలుపుతాయి. 100 కేలరీల మాంసకృత్తులు తింటే, వాటిని అరిగించుకోవడానికే ఒంటికి 20 నుంచి 30 కేలరీలు ఖర్చవుతాయి. పిండిపదార్థాలకైతే 5 నుంచి 10 మాత్రమే. మూడో సంగతి ముఖ్యమైనది. తిండి తగ్గించి బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. తగినన్ని మాంసకృత్తులు, కాస్త వ్యాయామం ఉంటే కండ చాలావరకు నిలుస్తుంది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. రోజు మొత్తం మీద తినేది ఖర్చు కన్నా తగ్గితేనే బరువు తగ్గుతుంది. పెసరట్టు తిన్నాను కదా అని మధ్యాహ్నం బిర్యానీ రెండుసార్లు వడ్డించుకుంటే పెసరట్టు ఏమీ చేయలేదు.

పెసరట్టు దగ్గరే కాసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్తగా వంట మొదలుపెట్టే పిల్లలకు అంతకన్నా తేలికైనది నాకు కనబడదు. ఇడ్లీ పిండి పులవాలి, దోసె పిండి పులవాలి. పెసరపిండికి ఆ నిరీక్షణ లేదు. రాత్రి భోజనమయ్యాక పొట్టు పెసలు కడిగి, గుప్పెడు బియ్యం కలిపి నీళ్ళు పోసి పడుకోండి. పొద్దున్న అల్లం ముక్క, రెండు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు వేసి మిక్సీలో తిప్పండి. మరీ మెత్తగా వద్దు, చేతికి కాస్త పలుకు తగలాలి. పెనం బాగా కాగాక నీళ్ళు చిలకరించి తుడిచి పల్చగా పోయండి. ఉల్లిపాయ తరుగు పైన వేసి నొక్కండి. గుప్పెడు పాలకూర రుబ్బేటప్పుడే కలిపినా రుచి చెడదు. ఆ గుప్పెడు బియ్యం అట్టు కరకరలాడటానికని మా అమ్మ వేసేది. దానివల్ల ఇంకో మేలు ఉందని నేను కాలేజీలో చదివాక తెలిసింది. మాంసకృత్తులను కట్టే ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు, వాటిలో ఒంటికి తిండి ద్వారానే అందవలసినవి తొమ్మిది. ఆ తొమ్మిదిలో పప్పుల్లో లైసిన్ అనేది ఎక్కువ, మిథియోనిన్ అనేది తక్కువ. బియ్యంలో సరిగ్గా దానికి తలకిందులు. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మా అమ్మకు ఆ పేర్లు తెలియవు, కానీ ఆమె చేతికి తెలుసు.

నూనె మాత్రం గిన్నెతో పోయకండి. చిన్న చెంచా నూనెలోనే 45 కేలరీలున్నాయి. అట్టుకు ఒక చెంచా చాలు. పెసరట్టులో ఉప్మా పెట్టుకు తినడం నాకూ ఇష్టమే, పండుగ పూట తినండి, రోజూ మాత్రం వద్దు. రెండు పెసరట్లు, అల్లం పచ్చడి, ఒక కప్పు గట్టి పెరుగు, తినేవాళ్ళయితే ఒక ఉడికించిన గుడ్డు. 20 గ్రాములు దాటిపోయారు.

మీ తరం మరచిపోతున్న వంట ఇంకొకటి ఉంది, ఆవిరి కుడుము. ఇడ్లీలో మినప్పప్పుకు రెండు మూడింతలు రవ్వ ఉంటుంది కదా, కుడుములో మినప్పిండే అంతా. గిన్నెలో నీళ్ళు మరిగించి, మూతికి తడిగుడ్డ బిగించి, దాని మీద మినప్పిండి పోసి మూత పెట్టేవాళ్ళం. ఆవిరికి పొంగి దూదిలా లేచేది. చుక్క నూనె అక్కర్లేదు. మీకు గుడ్డ కట్టే ఓపిక లేకపోతే ఇడ్లీ రేకుల్లోనే పోయండి, లేదా మామూలు ఇడ్లీ పిండిలో రవ్వ సగానికి తగ్గించండి. కుడుము మీద కందిపొడి చల్లుకుని, నెయ్యి అరచెంచాతో ఆపండి.

ఉలవల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తి. మా చిన్నప్పుడు కృష్ణా జిల్లాలో మా ఇంటి వెనుక పెద్ద కుండలో ఎద్దుల కోసం ఉలవలు ఉడికేవి. పైన తేరిన ఉలవకట్టు తీసి మాకు చారు కాచేవారు, ఉడికిన ఉలవలు ఎద్దుల తొట్టిలో పడేవి. చారు అమృతంలా ఉండేది, నిజమే. కానీ మాంసకృత్తులు ఎక్కువభాగం ఎద్దులకే వెళ్ళాయి! నూరు గ్రాముల ఉలవల్లో దాదాపు 22 గ్రాములున్నాయి. ఆ ఎద్దులు ఎండలో రోజంతా దున్నేవి. మీరు మాత్రం ఉలవలను గుగ్గిళ్ళుగా తినండి. తెలంగాణలో గుడాలంటారు, ఎక్కడివాళ్ళయినా చేసేది ఒక్కటే. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కరులో మెత్తబడేదాకా ఉడికించి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకుతో తాలింపు పెట్టి నిమ్మకాయ పిండాలి. అలసందలు, శనగలు కూడా ఇంతే. శ్రావణమాసంలో వాయనం శనగలు ఇంట్లో గిన్నెల కొద్దీ చేరేవి, వారం రోజులు పొద్దున్నా సాయంత్రమూ అవే. అప్పుడు మొహం మొత్తేది, ఇప్పుడు ఆ అలవాటు ఏడాది పొడుగునా ఉంటే బాగుండేదనిపిస్తుంది. అలవాటు లేని కడుపుకు మొదట గుప్పెడుతో మొదలుపెట్టండి, లేకపోతే ఉబ్బరంగా ఉంటుంది.

మొలకల గురించి చాలామంది పొరబడతారు. మొలకెత్తితే మాంసకృత్తులు రెట్టింపవుతాయని నమ్మి ఒక చిన్న కప్పు తిని లేస్తారు. పెరిగేది సి విటమిను, అరుగుదల కూడా సులువవుతుంది. మాంసకృత్తులు మాత్రం గింజలో ఎన్ని ఉన్నాయో సుమారుగా అన్నే, పైగా నీళ్ళు పట్టడం వల్ల కప్పు నిండినట్టు కనబడుతుంది. అందుకని నానబెట్టక ముందే కొలవండి. మొలకలను పచ్చిగా కాకుండా ఆవిరి మీద కాసేపు పెట్టి తినండి. తడిలో మొలకలతో పాటు సూక్ష్మజీవులూ పెరుగుతాయి.

గుడ్డు తినేవాళ్ళకు పని ఇంకా తేలిక. ఒక్కో గుడ్డులో 6 గ్రాములకు పైనే. పచ్చసొన పారేయకండి, మాంసకృత్తుల్లో సగానికి కాస్త తక్కువ అందులోనే ఉన్నాయి. పెద్దగా కొలెస్టరాల్ సమస్య ఉన్నవాళ్ళు వైద్యులను అడగాలి.

హాస్టలులో ఉన్నవాళ్ళకు పొయ్యి ఉండదని తెలుసు. దానికి పుట్నాలున్నాయి. పుట్నాలు మిక్సీ పట్టించి డబ్బాలో పోసి మీ పెట్టెలో పెట్టమని ఇంట్లో అడగండి. పెద్ద గ్లాసు మజ్జిగలో 30 గ్రాముల పొడి, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపి తాగితే 7, 8 గ్రాములు వస్తాయి, కడుపులో బరువుగా నిలుస్తుంది. బీహారు వాళ్ళు సత్తు అని తాగేది ఇలాంటిదే. రాయలసీమ ఉగ్గానిలోకి చల్లే పప్పుల పొడి కూడా పుట్నాలదే. హాస్టలులో ఉగ్గాని పెట్టిన రోజు, బొరుగులు తగ్గించి ఆ పొడి ఇంకో రెండు చెంచాలు చల్లుకోండి. వేరుశనగలు మంచివే, కానీ గుప్పెడుతో ఆపండి. 30 గ్రాముల్లో 7 గ్రాముల మాంసకృత్తులతో పాటు 170 కేలరీలూ ఉన్నాయి. పల్లీ చట్నీని గిన్నెడు పోసుకుని ఇడ్లీ ముంచుకు తినేవాళ్ళు లెక్క తప్పేది అక్కడే. సగం పల్లీలు, సగం పుట్నాలు వేసి రుబ్బితే రుచీ నిలుస్తుంది, కొవ్వూ తగ్గుతుంది.

పెద్దవాడా, నీ పొడి డబ్బా ప్రశ్నకు వస్తున్నాను. కండ పెంచుకోవడానికని ప్రోటీన్ పొడులు వాడవద్దని ఆ తార్నాక సంస్థే 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. ఒక డబ్బా ఖరీదుకు నీకు నెలల తరబడి సరిపడే పెసలు, శనగలు వస్తాయి. పప్పుతో పాటు పీచు వస్తుంది, ఇనుము వస్తుంది, నమిలే పని వస్తుంది. నమిలితేనే కదా కడుపుకు తిన్నామని తెలిసేది. మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవాళ్ళు మాత్రం, పొడి మాట అటుంచి, పప్పు ఎంత తినాలో కూడా వైద్యులనే అడగాలి.

తూకం యంత్రం రోజూ ఎక్కకండి, తల్లీ. ఒంట్లో నీళ్ళు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ ఉంటాయి, ఆ అంకె చూసి నువ్వు దిగులు పడతావు. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళకు చూసుకో. పదకొండు గంటలకు క్యాంటీను గుర్తురాని రోజులు ఎన్నో లెక్కపెట్టుకో, అది నాకు ఎక్కువ ఇష్టమైన లెక్క.

ఉలవలు రెండు కిలోలు, పొట్టు పెసలు రెండు కిలోలు విడివిడిగా కట్టి మీ పెదనాన్న చేతికిచ్చాను, శనివారం అటు వస్తున్నాడు. రాళ్ళు ఏరించే ఉంచాను, మళ్ళీ ఏరనక్కర్లేదు, రెండుసార్లు కడిగితే చాలు. కందిపొడి సీసా మూత బిగువుగా ఉంది, జాగ్రత్తగా తీయండి. శనివారం రాత్రి పెసలు నానబోశాక నాకు ఒకసారి ఫోను చేయండి, పదింటిదాకా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ