కాలువ కట్టేసినట్టు రన్‌వేను కట్టేయగలమా?

గోదావరి డెల్టాలో మరమ్మతులకు అదను వేసవే. దాళ్వా (రెండో పంట వరి) తడులు అయ్యాక కాలువలు కట్టేస్తారు; పూడికతీత, లాకుల పనులు ఆ కొద్ది వారాల్లోనే తెమలాలి. అందుకే రాజమహేంద్రవరం విమానాశ్రయమైన మధురపూడి రన్‌వేకు కొత్త పైపొర వేయాల్సి వస్తే "నెల రోజులు కట్టేస్తే పోలేదా" అనే మాట ఇక్కడ సులువుగా వచ్చేస్తుంది.

బ్రిటిష్ కాలపు విమానాశ్రయమన్నది అందరూ ఎరిగిందే. చిక్కు మొదలైంది మాత్రం 2019లో. 1,749 మీటర్ల రన్‌వేను 3,165 మీటర్లకు పెంచారు. నిండా ఎక్కించినా 23 టన్నులు మించని చిన్న ఏటీఆర్ విమానాల చోట 79 టన్నుల దాకా తూగే ఎయిర్‌బస్‌లకు దారి పడింది. 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీ సర్వీసులు మొదలయ్యాయి. తారును తొందరగా అరగదీసేది ఈ బరువే. రన్‌వేను మూయనివ్వనిదీ ఈ విమానాలే. పక్కన రెండో రన్‌వే ఉంటే ఈ తగువే లేదు.

ఏకబిగిన వేస్తే అతుకులు తగ్గుతాయన్నది మూసేద్దామనేవారి వాదన. 2018 మే నెలలో చండీగఢ్ అలాగే 20 రోజులు ఆగింది.

నడుపుతూనే చేయవచ్చనేవారు రాత్రిపని లెక్క చెబుతారు. చివరి విమానం వెళ్లగానే మిల్లింగ్ యంత్రం పాత పొరను గీకేస్తుంది. దుమ్ము ఊడ్చి, టాక్ కోట్ (పొరలు అతుక్కునేందుకు పలచటి తారు) చల్లి, వేడి తారుకంకర పరిచి, రోలర్ తొక్కిస్తారు. అసలు నేర్పు తెల్లవారుజామున కనిపిస్తుంది. ఆ రాత్రి వేసిన పొర చివర గడపలా నిలబడకూడదు. 5 సెంటీమీటర్ల మందమైతే 5 నుంచి 10 మీటర్ల పొడవున వాలు తీయాలని అంతర్జాతీయ నిబంధన. మధ్యగీత గీయనిదే రన్‌వే తెరవరు. ఒక్క కంకరరాయి మిగిలినా ఇంజిన్ లాగేసుకుంటుంది కాబట్టి టార్చిలైట్లతో వెతుకుతారు. మర్నాటి రాత్రి ఆ వాలునే కోసి పని ముందుకు సాగిస్తారు.

ఇదేమీ కొత్త విద్య కాదు. 2023 నవంబరు నుంచి విశాఖలో రాత్రిపూట మూసి పగలు విమానాలు నడిపారు. అదే ఏడాది కాలికట్‌లో పగలు పని చేసి రాత్రి నడిపారు. వేళ ఏదైనా, అక్కడివారికి విమానం మిగిలింది.

మూసేస్తే అమలాపురం ప్రయాణికుడు గన్నవరానికో విశాఖకో కారు కట్టించుకోవాలి. ఆ కిరాయి ఏ అంచనాలోనూ చేరదు.

తడి మీద తారు పట్టదు. జూన్ వస్తే నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులు. సంక్రాంతికి ఊళ్లకు వచ్చేవారి రద్దీ వల్ల జనవరిని కూడా తీసేస్తే, చేతికి మిగిలేవి ఫిబ్రవరి నుంచి మే వరకు ఉన్న రాత్రులే.