రిపోర్టులో ఆఖరి వరుస

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా బాబాయి మొన్న హెల్త్ చెకప్ రిపోర్టు పట్టుకొచ్చాడు. కొలెస్ట్రాల్ హద్దుల్లోనే ఉంది. ఆఖరి వరుస మాత్రం బోల్డ్‌లో ఉంది: హెచ్‌ఎస్ సీఆర్‌పీ (రక్తంలో సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను సూక్ష్మంగా కొలిచే పరీక్ష) 3.8. గుండె విషయంలో 3 దాటితే ఎక్కువ కిందే లెక్క. "ఇది కరోనా టెస్టు కదరా, ఇప్పుడెందుకు చేశారు?" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. 2020, 21లలో ఆ మాట అందరి నోటా నానింది. కానీ సీఆర్‌పీ వయసు చాలా పెద్దది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీని జాడ పట్టారు. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ (లోపలి మంట, వాపు) ఉన్నా కాలేయం దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. జ్వరమొచ్చినా పెరుగుతుంది, చిగుళ్లు వాచినా పెరుగుతుంది.

మరి దీనికీ గుండెకీ చుట్టరికం ఎక్కడ కలిసింది?

1850లలోనే జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో, ధమని గోడలోనే ఇన్‌ఫ్లమేషన్ ఉందన్నాడు. వియన్నాలో రోకిటాన్‌స్కీ అనే వైద్యుడు ఒప్పుకోలేదు. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ మేపి నాళాలు పూడిపోవడం చూపించాక, తర్వాతి కాలంలో చర్చంతా కొవ్వు చుట్టూ తిరిగింది. డ్రైనేజీ పైపులో జిడ్డు పేరుకున్నట్టు అన్న పోలిక అలాగే స్థిరపడింది.

ఆ పోలికను కదిలించినవాళ్లలో ముఖ్యుడు సియాటిల్‌కు చెందిన రసెల్ రాస్. (రాస్ అనగానే మనకు బేగంపేటలో దోమ కడుపు కోసి చూసిన రోనాల్డ్ రాస్ గుర్తొస్తాడు. ఈయన వేరు, చదివింది దంతవైద్యం.) నాళాలు పూడటం ఇన్‌ఫ్లమేషన్ జబ్బేనని 1999లో తేల్చి రాశాడు, ఆ ఏడాదే చనిపోయాడు.

జరిగేది ఇదీ. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కణాలు నాళం లోపలి పొర దాటి గోడలోకి చొరబడతాయి. అక్కడ చెడిపోయిన వాటిని ఊడ్చడానికి తెల్ల రక్తకణాలు వస్తాయి. దొరికిందంతా మింగి, కొవ్వుతో ఉబ్బి, అక్కడే కూలబడతాయి. ఊడ్చడానికొచ్చినవాళ్లే చెత్తలో కలిసిపోతారన్నమాట. ఆ కుప్ప మీది పొర పలచబడి చిట్లితే రక్తం గడ్డకడుతుంది. సగం కూడా పూడని నాళంతో గుండెపోటు వచ్చేది అందుకే.

1997లో బాస్టన్‌లో పాల్ రిడ్కర్ బృందం, సీఆర్‌పీ ఎక్కువున్న ఆరోగ్యవంతులకు తర్వాత గుండెపోట్లు ఎక్కువని చూపించింది. అయినా అది పొగే, నిప్పును ఆర్పి చూపించాలి కదా. 2017లో 10,061 మందిపై చేసిన కాంటోస్ పరీక్ష ఆ పని చేసింది. ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌తో ఎల్‌డీఎల్ తగ్గలేదు, గుండెపోట్లు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. గుండె కోసం ఆ మందుకు అమెరికాలో అనుమతి రాలేదు.

మరుసటి ఏడాది అలాంటి పరీక్షలోనే మెథోట్రెక్సేట్ వంతు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో పుట్టిన మందు ఇది. కీళ్లవాతానికి దివ్యంగా పనిచేసేది ఇక్కడ గుండెపోట్లనూ తగ్గించలేదు, సీఆర్‌పీనీ తగ్గించలేదు. అన్ని మంటలూ ఒకే నీళ్లకు ఆరవని నా కంటే ముందు ఆ పరీక్షే చెప్పింది. గౌట్ మందు కొల్చిసిన్‌ను గుండె కోసం వాడటానికి 2023లో అమెరికా ఓకే చెప్పింది. మన అడవినాభి దుంపలో ఉండే విషం అదే. 2024లో వచ్చిన ఇంకో పెద్ద పరీక్షలో మాత్రం దానివల్ల లాభం కనిపించలేదు.

మందుల మాట అలా ఉంచితే, నాళాల కథ చాలా ముందే మొదలవుతుందనడానికి మన దగ్గరే ఒక ఆధారం ఉంది. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయాతో వండిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు టీనేజ్‌కు వచ్చాక తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఇతరులు కలిసి పరీక్షిస్తే, ఉప్మా అందని ఊళ్ల పిల్లలకన్నా వీళ్ల నాళాలు కాస్త మెత్తగా, అంటే తక్కువ గట్టిపడి ఉన్నాయి. 2008లో అచ్చయిన ఫలితమిది.

బాబాయిని డాక్టరు రెండే ప్రశ్నలడిగాడు. పంటి నొప్పేమైనా ఉందా అంటే, ఉందన్నాడు. సిగరెట్ అంటే పిన్ని వైపు చూశాడు. రెండు వారాలాగి మళ్లీ రక్తం ఇవ్వాలి.