ఫ్లికర్ వస్తోందని కెమెరా కొనకండి

"అన్నా, టైమ్‌లాప్స్ తీస్తే వీడియో మినుకుమినుకుమంటోంది. నా ఫోన్ మంచిది కాదంటారా?"

వారానికి ఒక్కరైనా ఈ మాట అడుగుతారు. టైమ్‌లాప్స్ అంటే గంటలకొద్దీ ఒకే చోట విడివిడిగా ఫొటోలు తీసి, వాటిని కలిపి కొన్ని సెకన్ల వీడియో చేయడం. అందులో వచ్చే ఈ మినుకుమినుకునే ఫ్లికర్ అంటారు. రాజమండ్రిలో చిన్న స్టూడియో నాది. పెళ్లిళ్లు లేని రోజుల్లో కడియం నర్సరీల వాళ్లకు పూలమొక్కల టైమ్‌లాప్స్‌లు తీసిపెడుతుంటాను. అందుకే ఇంట్లో మొదటిసారి ప్రయత్నించి దెబ్బతిన్నవాళ్లు క్లిప్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఈమధ్య క్లిప్ చూడకముందే చెప్పేస్తున్నాను: ముందు ఏమీ కొనకండి.

మొన్న ఒక డిప్లొమా కుర్రాడు వచ్చాడు. కిటికీ గట్టు మీద గాజు గ్లాసులో చిక్కుడు గింజ పెట్టి, ఫోన్‌తో నాలుగు రోజులు తీశాడు. మొలక చక్కగా వచ్చింది. వీడియో మాత్రం పాడైపోయిన ట్యూబ్‌లైట్‌లా కొట్టుకుంటోంది. షాపులో అడిగితే "ఫోన్‌తో తీస్తే ఇంతే, కెమెరా ఉండాలి" అన్నారట. ఈఎంఐ మీద కెమెరా, లెన్సు తీసుకున్నాడు. మళ్లీ అదే కిటికీ, అదే గ్లాసు, ఇంకో గింజ. మళ్లీ అదే ఫ్లికర్. "ఇంట్లో ఏం చెప్పాలన్నా?" అంటూ నా ఎదురుగా కూర్చున్నాడు. చాలా బాధేసింది. ఆ పిల్లాడి తప్పు ఏమీ లేదు, ఎవరూ సరిగ్గా చెప్పలేదంతే.

అపోహ: ఫోన్‌తో తీస్తే ఫ్లికర్ వస్తుంది, మంచి కెమెరాతో రాదు.

వాస్తవం: ఫ్లికర్ వచ్చేది వెలుతురు మారడం వల్ల, ఆ మార్పు వెంట ఆటో మోడ్ (సెట్టింగులన్నీ కెమెరాయే మార్చుకోవడం) పరుగెత్తడం వల్ల. కిటికీ దగ్గర మబ్బు పట్టగానే ఫోన్ ఎక్స్‌పోజర్ (ఫొటోకి తీసుకునే వెలుగు) పెంచుతుంది, ఎండ రాగానే తగ్గిస్తుంది. మామూలు వీడియోలో ఇది నిదానంగా జరిగిపోతుంది కాబట్టి కంటికి ఆనదు. టైమ్‌లాప్స్‌లో గంటసేపు జరిగిన మార్పంతా ఒక్క సెకనులో వచ్చి పడుతుంది. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) కూడా ఆటోలోనే వదిలేస్తే ఒక ఫ్రేము (వీడియోలో ఒక్కో ఫొటో) పసుపుగా, దాని పక్కది నీలంగా వస్తాయి. లక్ష రూపాయల కెమెరా అయినా ఆటోలో పెడితే ఇదే పని చేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది షాపుల్లో చెప్పరు. కెమెరా లెన్సులో అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) బ్లేడ్లు ప్రతి ఫొటోకూ మూసుకుని మళ్లీ తెరుచుకుంటాయి. ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట ఆగవు, వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ రంధ్రం చిన్నదయ్యే ఎఫ్/8, ఎఫ్/11లో పెట్టి తీస్తే ఆ తేడా వల్ల అన్నీ మాన్యువల్‌లో ఉన్నా సన్నటి ఫ్లికర్ కనిపిస్తుంది. మామూలు ఫోన్లలో అపెర్చర్ కదలనే కదలదు, అందుకని ఈ బెడద ఉండదు. అంటే ఫ్లికర్ పోతుందని కెమెరా కొన్న కుర్రాడు ఫోన్‌లో లేని ఇంకో ఫ్లికర్‌ని కూడా తెచ్చుకున్నాడు. లెన్సు అపెర్చర్‌ని పూర్తిగా తెరిచి తీయమన్నాను. ఆ సన్నటిది పోయింది. మిగతాదానికి మందు కిటికీ దగ్గరుంది.

కిటికీ మూసేయండి. మందపాటి కర్టెన్ గానీ దుప్పటి గానీ కట్టి, గదిలో ఒక్కటే లైటు పెట్టండి. తీస్తున్నంతసేపూ అది ఆరకూడదు, ఇంకో లైటు వెలగకూడదు. ఫోన్‌లో ప్రో మోడ్ (సెట్టింగులు మన చేతిలో ఉండేది) ఉంటే ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలనేది), షటర్ (ఒక్కో ఫొటోకి వెలుగు ఎంతసేపు పడాలనేది), వైట్ బ్యాలెన్స్, ఫోకస్ నాలుగూ మీరే సెట్ చేసేయండి. ఐఫోన్ అయితే స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ అవుతాయి. షటర్ మాత్రం వేగంగా పెట్టకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది, చవకరకం ఎల్ఈడీల్లో మరీను. షటర్ 1/1000లో (సెకనులో వెయ్యో వంతు) తీస్తే ఒక ఫొటోకి ఎక్కువ వెలుగు దొరుకుతుంది, ఇంకోదానికి తక్కువ. 1/50 గానీ 1/25 గానీ పెడితే ఆ హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. చిన్న విషయమే కానీ చెప్తాను: తెల్లచొక్కా వేసుకుని గ్లాసు పక్కనుంచి నడిచినా ఆ తెలుపు పడి ఫ్రేము మారుతుంది.

"పోనీలే, తర్వాత డిఫ్లికర్ (సాఫ్ట్‌వేర్‌తో ఫ్లికర్ తీసేయడం) చేయిద్దాం" అనే ధైర్యం కూడా చాలామందిని ముంచింది. మా వీధిలో ఒక పిన్నిగారు బ్రహ్మకమలం విచ్చుకోవడం తీశారు. (మన ఇళ్లలో కుండీల్లో పెరిగేది నిజానికి ఒక కాక్టస్. హిమాలయాల్లోని బ్రహ్మకమలం వేరే మొక్క.) రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా ఓపిగ్గా కూర్చున్నారు. మధ్యలో చుట్టుపక్కల వాళ్లంతా చూడ్డానికి వచ్చారు, ఫ్లాష్‌లు కొట్టారు, హారతి ఇచ్చారు. "ఎలాగైనా బాగుచెయ్యి బాబూ, మళ్లీ ఏడాది దాకా పూయదు" అన్నారు. డిఫ్లికర్ ఫ్రేముల వెలుగుని సమం చేస్తుంది, అంతే. రేకలు తెల్లగా మాడిపోయిన ఫ్రేముల్లో ఆ సన్నటి గీతలు ఫైల్లోనే లేవు, ఎక్కణ్నుంచి తేను? హారతి నీడ గోడ మీద ఊగడం కూడా పోదు. మళ్లీసారికి ఆవిడకు చెప్పి పెట్టాను: కిందికి వేలాడే మొగ్గ తొడిమ వంకీ తిరిగి పైకి లేచి, మొగ్గ బాగా ఉబ్బిందంటే ఇక ఒకటి రెండు రాత్రుల పనే. ఆ సాయంత్రమే సెట్ చేసి లాక్ చేయండి, ఎక్స్‌పోజర్ కాస్త తక్కువే ఉంచండి, పువ్వు పరుచుకోవడానికి ఫ్రేములో చుట్టూ చోటు వదలండి, హారతి పూర్తిగా విచ్చుకున్నాక ఇవ్వండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

4కే కెమెరా కావాలంటారు. 4కే అంటే 3840 పిక్సెల్స్ వెడల్పు. ఫోన్‌తో తీసే మామూలు 12 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పే 4000 ఉంటుంది, అది చాలు. ఆ మాటకొస్తే ఇవేవీ లేని రోజుల్లో పెర్సీ స్మిత్ అనే ఆయన 1910లోనే ఇంగ్లండ్‌లో పువ్వులు విచ్చుకోవడాన్ని ఇలా తీసి చూపించాడు.

వీడియో తీసి స్పీడు పెంచితే అదే కదా అంటారు. పది నిమిషాల పనికి సరే. 8 గంటలకు నిమిషానికి 100 ఎంబీ లెక్కేసుకోండి, 48 జీబీ. అదే నిమిషానికో ఫొటో తీస్తే 480 ఫొటోలు, ఒక్కోటి 3 ఎంబీ అనుకున్నా ఒకటిన్నర జీబీ దాటదు.

రాత్రంతా తీస్తే ఫోన్ పాడవుతుందేమోనని టెన్షన్ పడేవాళ్లున్నారు. ఎండలో పెట్టకండి, కవర్ తీసేయండి, మొదటినుంచే ఛార్జర్ పెట్టి ఉంచండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ మాత్రం తప్పనిసరి, కాల్ వస్తే ఆగిపోవచ్చు.

ఇంటర్వల్ (ఒక ఫొటోకీ తర్వాతి ఫొటోకీ మధ్య గ్యాప్) ఎంతని ఊహించకండి, లెక్క కట్టండి. సెకనుకు 25 ఫ్రేములు. మెంతులు మొలకెత్తడానికి 48 గంటలు అనుకుంటే 8 నిమిషాలకొకటి చొప్పున 360 ఫొటోలు, 14 సెకన్ల పైచిలుకు వీడియో.

మొదటిసారికి మెంతులు కూడా వద్దు, ఇడ్లీపిండి తీయండి. ఈ రాత్రికే అయిపోతుంది, చెడితే రేపు మళ్లీ రుబ్బుతారు. గాజు సీసాలో పోసి, గోడవైపు నల్లగుడ్డ కట్టి, ఒక్క టేబుల్ లైటు పక్కనుంచి పెట్టండి. నిమిషానికొకటి, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఐదు దాకా, 19 సెకన్లు వస్తుంది. మిక్సీ ఉన్న గట్టు మీద పెట్టకండి, ఎవరు తిప్పినా ఫోన్ అదురుతుంది. సీసాలో సగానికే పోయండి. పొంగి కారితే పక్కనే ఛార్జర్ వైరు ఉంటుంది.