పండుగ తేదీ తేలకపోతే విశ్వాసం తేలిపోతుందా? అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే విశ్వాసులకు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: "యేసు డిసెంబర్ 25న పుట్టనే లేదటగా, మరి క్రిస్మస్ పండుగ ఎందుకు?" అడిగేవాళ్లూ, విని కలవరపడేవాళ్లూ ఒకే చోట పొరబడుతున్నారు. జ్ఞాపకం చేసుకునే రోజు వేరు, సంఘటన జరిగిన తేదీ వేరు. రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కంతా.

అపోహ: డిసెంబర్ 25 అని బైబిల్లోనే ఉంది.

లేదు. యేసు పుట్టుక గురించి రాసిన మత్తయి గానీ, లూకా గానీ నెల చెప్పలేదు, రోజూ చెప్పలేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా సంఘ బోధకుడు క్లెమెంట్ తన కాలంలో కొందరు చెప్పుకునే తేదీలు రాసిపెట్టాడు. ఆ ఐగుప్తు తేదీలను రోమన్ క్యాలెండర్‌లోకి మారిస్తే ఏప్రిల్ 19, ఏప్రిల్ 20, మే 20 వస్తాయి. డిసెంబర్ 25 ఆ జాబితాలో లేదు.

అపోహ: సూర్యదేవుడి పండుగకే క్రీస్తు పేరు పెట్టారు.

అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట ఇదే. దీనికి చూపించే ఆధారాన్ని మాత్రం దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. 354లో రోమ్‌లో తయారైన ఒక సంకలనం అది. అందులోని పౌర పంచాంగంలో డిసెంబర్ 25కు ఎదురుగా "అజేయుడి (అంటే సూర్యదేవుడి అని భావిస్తారు) పుట్టినరోజు" అనీ, 30 రథపు పందేలు అనీ ఉంది. అదే సంకలనంలో హతసాక్షుల స్మారక దినాల పట్టిక ఉంది. అందులో మొట్టమొదటి వరుస, అదే తేదీకి, క్రీస్తు యూదయలోని బేత్లెహేములో పుట్టాడని చెబుతుంది. ఆ పట్టిక 336 నాటిదని చరిత్రకారులు లెక్కగట్టారు. ఆ రోజున సూర్యుడి పండుగ ఉందని చెప్పే పాత ఆధారం, క్రీస్తు పుట్టుకను స్మరించారని చెప్పే పాత ఆధారం, రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయన్నమాట. ఎవరు ఎవరిని చూసి పెట్టుకున్నారో దాన్నిబట్టి తేల్చలేం. రోమన్ చక్రవర్తి ఆరేలియన్ 274లో సూర్యుడికి గుడి కట్టించిన మాట నిజమే, కానీ అది ఒక్కటే ఈ చిక్కు విప్పదు. ఇక క్రిస్మస్‌కు మూలమని కొందరు చెప్పే మరో రోమన్ పండుగ సాటర్నాలియా సంగతికొస్తే, అది డిసెంబర్ 17న మొదలై 23కల్లా ముగిసేది.

రెండో వివరణ లెక్క మీద నిలబడుతుంది. సిలువ మరణం మార్చి 25న జరిగిందని తొలినాటి సంఘ రచయిత టెర్టుల్లియన్ రాశాడు. ప్రభువు గర్భంలో పడిందీ ఆ తేదీనే అని ఆ తర్వాతి సంఘ బోధకుడు అగస్టీన్ కాలానికి చెప్పుకునేవారు. మార్చి 25కు తొమ్మిది నెలలు కలపండి, డిసెంబర్ 25 వస్తుంది. తూర్పున ఏప్రిల్ 6 నుంచి లెక్కించిన చోట జనవరి 6 వస్తుంది. ఆర్మేనియా సంఘం ఈనాటికీ జనవరి 6నే యేసు జననాన్నీ, బాప్తిస్మాన్నీ కలిపి ఆచరిస్తుంది. మాకు ఈ రెండో వివరణే బలంగా కనిపిస్తుంది. అయినా అది కూడా ఊహే, రుజువు కాదు.

అపోహ: బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా దేవాలయంలో సేవ చేసిన వంతును బట్టి అసలు తేదీ పట్టేయవచ్చు.

లెక్క ఇలా సాగుతుంది. యాజకులకు 24 తరగతులు, జెకర్యాది ఎనిమిదవదైన అబీయా తరగతి. అతని వంతు ఏ వారమో పట్టుకుని, ఎలీసబెతు గర్భధారణ, దానికి ఆరు నెలల తర్వాత మరియ దగ్గరకు దూత రాక, ఆపై తొమ్మిది నెలలు లెక్కించాలి. ఇది మూడు చోట్ల తెగిపోతుంది. ఒక్కో తరగతికి ఏడాదిలో రెండు వంతులు వచ్చేవి, లూకా చెప్పింది ఏ వంతో తెలియదు. ఆ ఏడాది వంతులు ఏ వారంతో మొదలయ్యాయో తెలియదు. ఎలీసబెతు "ఆ దినములైన పిమ్మట" గర్భవతి అయిందంటాడు లూకా, ఎన్ని దినాలో చెప్పడు. అందుకే ఇదే లెక్కతో కొందరు సెప్టెంబర్ తెస్తారు, కొందరు డిసెంబర్ తెస్తారు. 386 ప్రాంతంలో అంతియొకయలో ప్రసంగీకుడు క్రిసొస్తొమ్ జెకర్యాను ప్రాయశ్చిత్త దినాన సేవ చేసిన ప్రధాన యాజకుడిగా భావించి డిసెంబర్ 25 తేల్చాడు. లూకా మాత్రం అతన్ని యాజకుడు అని మాత్రమే అన్నాడు.

అపోహ: జనవరి 7న చేసుకునేవాళ్లు వేరే తేదీని నమ్ముతారు.

రష్యా, సెర్బియా ఆర్థడాక్స్ సంఘాలు ఆచరించేదీ డిసెంబర్ 25నే, పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం. ఇప్పుడు రెండు క్యాలెండర్లకూ తేడా 13 రోజులు. 2100లో అది 14 అవుతుంది కాబట్టి ఆ తర్వాత వాళ్ల క్రిస్మస్ మన జనవరి 8న పడుతుంది.

అపోహ: ఈస్టర్ తేదీ కూడా ఇలాంటి ఊహే.

ఇక్కడ సంగతి వేరు. సిలువ మరణం పస్కా రోజుల్లో, శుక్రవారం జరిగిందని నాలుగు సువార్తలూ చెబుతాయి. పిలాతు అధికారంలో ఉన్నది క్రీ.శ. 26 నుంచి 36 వరకు. చంద్రుడి లెక్కతో చూస్తే 30లో ఏప్రిల్ 7, 33లో ఏప్రిల్ 3 గట్టిగా నిలబడే తేదీలు. అయినా సంఘం ఆ తేదీల్లో దేన్నీ స్థిరపరచలేదు. పస్కాతో, ఆదివారంతో ఉన్న సంబంధాన్నే పట్టుకుంది.

పాశ్చాత్య సంఘాల లెక్క మీరే చేసి చూడండి. 2026ను 19తో భాగిస్తే శేషం 12, ఒకటి కలిపితే 13. సంఘ పట్టికలో 13కు ఎదురుగా ఉన్న పౌర్ణమి ఏప్రిల్ 2, గురువారం. తర్వాతి ఆదివారం ఏప్రిల్ 5, అదే ఈస్టర్. పౌర్ణమి ఆదివారమే పడితే మరుసటి ఆదివారానికి వెళ్లాలి. వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) తర్వాతి పౌర్ణమిని ఆకాశంలో చూసి లెక్కిస్తే ఒక్కోసారి తప్పుతుంది. 2019లో విషువత్తు మార్చి 20న, నిజమైన పౌర్ణమి మార్చి 21న వచ్చినా, పట్టికలో పౌర్ణమి ఏప్రిల్ 18 కాబట్టి ఈస్టర్ ఏప్రిల్ 21న జరిగింది.

అపోహ: తేదీ తెలియకపోతే అది చరిత్రే కాదు.

లూకా బాప్తిస్మమిచ్చు యోహాను పరిచర్యను తిబెరికైసరు ఏలుబడి పదునయిదవ సంవత్సరంతో ముడిపెట్టాడు. విశ్వాస ప్రమాణంలో పొంతి పిలాతు పేరుంది. మన విశ్వాసానికి ఆ ముడి కావాలి, ఎందుకంటే క్రీస్తు నిజంగా లేపబడకపోతే ప్రకటన వ్యర్థమని పౌలే ఒప్పుకున్నాడు. రోజు సంగతి అలా కాదు. ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనస్సులో వారు రూఢిపరచుకోవాలని రోమా 14లో రాశాడు. కాబట్టి ప్రసంగంలో "ఈ రోజున పుట్టాడు" అనకుండా "పుట్టాడని ఈ రోజున స్మరించుకుంటున్నాం" అంటే చాలు. పిల్లలకు మొదటినుంచీ ఇలాగే చెబితే, పెద్దయ్యాక ఒక్క వీడియో చూసి కూలిపోయే పరిస్థితి రాదు.

155 ప్రాంతంలో స్ముర్న బిషప్ పొలికార్పు రోమ్ వెళ్లాడు. ఆయన యూదుల నెల నీసాను 14న, అది ఏ వారమైనా, పస్కా ఆచరించేవాడు, రోమ్ బిషప్ అనికేతు ఆ పద్ధతి ఒప్పుకోలేదు. ఒకరినొకరు ఒప్పించలేకపోయారు. అయినా అనికేతు తన సంఘంలో ప్రభు భోజనం జరిపించే గౌరవాన్ని పొలికార్పుకే ఇచ్చాడు. ఇద్దరూ సమాధానంతోనే విడిపోయారు.