మోటార్‌హోమ్ దారిలో ఆగిపోతే ఎవరొస్తారు: రోడ్‌సైడ్ ప్లాన్ల వెనకున్న వందేళ్ల కథ

వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు అమెరికా వస్తే, వాళ్లని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని తిప్పే మనవాళ్లు చాలామందే ఉన్నారు. మంచి పనే. పెద్దవాళ్లకి బాత్‌రూమ్ వెతుక్కునే టెన్షన్ ఉండదు, అన్నం పప్పు బండిలోనే వండుకోవచ్చు, నడుం నొప్పెడితే కాసేపు పడుకోవచ్చు. కానీ నెవాడాలోనో వ్యోమింగ్‌లోనో కనుచూపు మేరలో ఊరు లేని చోట బండి ఆగిపోతే ఏం చేస్తారని అడిగితే, ఎక్కువమంది "ట్రిపుల్ ఏ కార్డు ఉంది కదా" అంటారు. ట్రిపుల్ ఏ అంటే దారిలో ఆగిన బండికి సాయం పంపే మోటార్ క్లబ్బు. ఆ కార్డు మామూలు రకమైతే అది ప్రధానంగా కారు కోసం. మోటార్‌హోమ్‌ని లాగించాలంటే చాలా చోట్ల విడిగా ఆర్‌వీ (మోటార్‌హోమ్‌లు, ఇల్లులాంటి ట్రైలర్లు) కవరేజి కొనుక్కోవాలి. ఇలా ఎందుకుందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1902 మార్చి 4న షికాగోలో తొమ్మిది మోటార్ క్లబ్బులు కలిసి అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ (ఏఏఏ, అంటే ఈ ట్రిపుల్ ఏ) పెట్టుకున్నాయి. అప్పటికి కార్లు నడిచే రోడ్లే సరిగ్గా లేవు కాబట్టి మొదట్లో వాళ్ల పోరాటం ఎక్కువగా మంచి రోడ్ల కోసమే. దారిలో ఆగిన బండికి సాయం చేయడం 1915లో మొదలైంది. మిస్సోరీ క్లబ్బు తరఫున ఐదుగురు మనుషులు ఆదివారాల్లో మోటార్‌సైకిళ్ల మీద సెయింట్ లూయిస్ రోడ్ల మీద తిరుగుతూ, ఎవరి కారు ఆగితే వాళ్లకి సాయం చేసేవాళ్లు. ఆ మరుసటేడే, అంటే 1916లో, టెన్నెసీ రాష్ట్రం చట్టనూగాలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గరాజ్ యజమాని వాగులో పడ్డ ఫోర్డ్ మోడల్ టీ కారుని తాళ్లతో, దుంగలతో, మనుషుల బలంతో గంటల తరబడి లాగి బయటికి తీశాడు. ఇంత కష్టం ఎందుకని ఒక కాడిలాక్ బండి వెనక ఇనప చట్రం, కప్పీలు బిగించి టో ట్రక్ తయారుచేశాడు. టో ట్రక్కుల మ్యూజియం ఇవాళ ఆ ఊళ్లోనే ఉంది.

ఈ మొత్తం ఏర్పాటు, అంటే మనిషి, ట్రక్, మైళ్ల లెక్క, అంతా కారు బరువుని చూసి పుట్టింది. బరువైన ఇల్లొకటి రోడ్డెక్కుతుందని అప్పట్లో ఎవరూ లెక్క వేసుకోలేదు.

అలాగని మోటార్‌హోమ్ నిన్నమొన్నటిది కాదు. పియర్స్ యారో కంపెనీ టూరింగ్ లాండో అనే బండిని 1910లోనే న్యూయార్క్‌లో ప్రదర్శనకి పెట్టింది. కానీ అది డబ్బున్నవాళ్ల సరదా. మధ్యతరగతి చేతికి రావడానికి యాభై ఏళ్లు పైనే పట్టింది. మిషిగన్‌లో రే ఫ్రాంక్ తన కుటుంబం కోసం కట్టుకున్న బండి 1960ల మొదట్లో డాజ్ కంపెనీ చాసిస్ (చక్రాలు, ఇంజిన్ ఉండే కింది చట్రం) మీద అమ్మకానికి వచ్చింది. 1966లో అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ నుంచి విన్నెబేగో కంపెనీ పోటీ బళ్లకంటే బాగా తక్కువ ధరకి మోటార్‌హోమ్‌లు దింపాక సంఖ్య ఒక్కసారిగా పెరిగింది.

వీళ్లకి దారిలో సాయం ఎవరు చేయాలి? మొదట వాళ్లకి వాళ్లే చేసుకున్నారు. 1963 జులైలో సూర్యగ్రహణం చూడ్డానికి మెయిన్ రాష్ట్రంలోని హింక్లీలో కొన్ని కుటుంబాలు తమ బళ్లతో కలిశాయి, అక్కడే ఫ్యామిలీ మోటార్ కోచ్ అసోసియేషన్ పుట్టింది. 1966లో యూటాకి చెందిన ఒక ట్రైలర్ యజమాని ఒక పత్రికకి ఉత్తరం రాశాడు. దారిలో ఆగిన తోటివాళ్లకి సాయం చేస్తామనేవాళ్లు బంపర్ మీద ఒక స్టిక్కర్ అంటించుకుంటే ఎంత బావుంటుందని. బైబిల్ కథలోని మంచి సమరయుడి పేరు మీద గుడ్ శామ్ క్లబ్ అలా మొదలైంది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఫీజు లేదు, షరతులు లేవు, వెనక వచ్చేవాడు ఆగుతాడన్న నమ్మకమే ప్లాన్.

ఆ నమ్మకం ఎక్కువ కాలం సరిపోలేదు, ఎందుకంటే బళ్లు పెరిగిపోయాయి, బరువెక్కిపోయాయి. 1980లకి వచ్చేసరికి గుడ్ శామ్, కోచ్‌నెట్ లాంటివి మోటార్‌హోమ్‌ల కోసమే వార్షిక రోడ్‌సైడ్ ప్లాన్లు అమ్మడం మొదలుపెట్టాయి. గుడ్ శామ్ ఇప్పుడు క్యాంపింగ్ వరల్డ్ అనే పెద్ద కంపెనీ చేతిలో ఉంది. మీరు ఫోన్ చేస్తే ఎక్కడో కాల్ సెంటర్‌లో ఉన్నవాళ్లు మీ దగ్గర్లో ఉన్న టోయింగ్ కంపెనీకి పని అప్పజెబుతారు. ప్లాన్ అమ్మినవాళ్ల సొంత ట్రక్ వస్తుందనుకుంటే పొరపాటే.

ఇక అసలు చిక్కు బరువు. వ్యాన్‌లా ఉండే క్లాస్ బి బండి నాలుగైదు టన్నులు. డ్రైవర్ నెత్తి మీద కూడా పడక ఉండే క్లాస్ సి, ఫోర్డ్ ఈ450 చాసిస్ మీదైతే, నిండు బరువు దాదాపు 6.6 టన్నుల వరకు ఉండొచ్చు. బస్సులా ఉండే క్లాస్ ఏ అయితే పెట్రోల్ బండే పన్నెండు టన్నుల దాకా, వెనక డీజిల్ ఇంజిన్ ఉన్నవి ఇరవై టన్నులు కూడా దాటుతాయి. క్లాస్ ఏ లాంటి పెద్ద బళ్లని కార్లని మోసే ఫ్లాట్‌బెడ్ ట్రక్ మీదకి ఎక్కించలేరు, ఒకవేళ ఎక్కించినా పన్నెండు పదమూడు అడుగుల ఎత్తున్న బండి ట్రక్ మీద కూర్చుంటే రోడ్డు మీద అనుమతించే ఎత్తు దాటిపోతుంది. హెవీ డ్యూటీ రెకర్ (బరువైన బళ్లని లాగే పెద్ద టో ట్రక్) రావాలి, లేదా నేలకి దగ్గరగా ఉండే ట్రైలర్ రావాలి. చక్రాల మీద లాగాలంటే ముందు డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాలకి శక్తి అందించే కడ్డీ) విప్పాలి, ఎందుకంటే ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిరగదు, చక్రాలు మాత్రం తిరుగుతూ లోపలున్నవన్నీ అరగదీస్తాయి. ఎయిర్ బ్రేకులున్న బండికి గాలి పోతే బ్రేకులు పట్టేసుకుంటాయి, బయటి నుంచి గాలి ఇచ్చి విడిపించాలి. ఈ పని తెలిసిన మనిషి ప్రతి ఊళ్లో దొరకడు, దొరికిన చోట బిల్లు వేల డాలర్లలోకి పోవచ్చు.

అందుకే కారు ప్లాన్‌లో "ఇన్ని మైళ్లు" అన్న లెక్క ఉంటే, మంచి మోటార్‌హోమ్ ప్లాన్‌లో "ఈ బండిని బాగుచేయగల దగ్గర్లోని సర్వీస్ సెంటర్ వరకు" అని ఉంటుంది. ఈ తేడా చాలా పెద్దది. ట్రిపుల్ ఏ ప్లస్ సభ్యత్వంలో సాధారణంగా 100 మైళ్లు, ప్రీమియర్‌లో 200 మైళ్ల టోయింగ్ ఒకసారి ఇస్తారు, దానికీ ఆర్‌వీ కవరేజి తోడై ఉంటేనే మన బండికి వర్తిస్తుంది. పశ్చిమాన డీజిల్ చాసిస్ తెలిసిన వర్క్‌షాప్ 100 మైళ్లకి అవతల ఉండటం మామూలే. అయితే ఇక్కడ దగ్గర్లోనిది అంటే మీకు నచ్చినది కాదు. మీ ఇంటి దగ్గరి మెకానిక్ దాకా లాగించుకోవాలంటే మిగతా దూరానికి మీరే కట్టుకోవాలి.

పంచర్ దగ్గర కూడా ఇదే కథ. చాలా క్లాస్ ఏ బళ్లలో స్టెప్నీయే ఉండదు. ప్లాన్ వాళ్లు టైరు మార్చే మనిషిని పంపుతారు, టైరు ఖరీదు మాత్రం మీదే. మెకానిక్‌ని పంపినా అంతే, రావడానికయ్యే ఖర్చు వాళ్లది, రిపేరుకీ సామానుకీ మీరు కట్టాలి. మట్టిలో దిగబడితే లాగుతారు కానీ రోడ్డుకి 100 అడుగుల లోపు ఉండాలనే షరతు చాలా ప్లాన్లలో కనబడుతుంది. ప్రమాదమో బ్రేక్‌డౌనో ఇంటికి 100 మైళ్ల అవతల జరిగితే హోటల్, భోజనం ఖర్చు కొంత తిరిగిచ్చేవి ఉన్నాయి, రసీదులు దాచుకోవాలి.

ఇంకోటి, మోటార్‌హోమ్‌ని సాధారణంగా ఒక్క కంపెనీయే తయారుచేయదు. ఇంజిన్, చాసిస్ ఫోర్డ్‌దో ఫ్రైట్‌లైనర్‌దో అయితే, దాని మీద ఇల్లు కట్టేది వేరే కంపెనీ. రోడ్‌సైడ్ ప్లాన్ కింది సగాన్ని చూసుకుంటుంది. పై సగంలో ఫ్రిజ్ పనిచేయకపోయినా, జనరేటర్ ఆగినా, ఏసీ పోయినా అది బ్రేక్‌డౌన్ కింద రాదు. స్లయిడ్ అవుట్ (బండి ఆపాక లోపల చోటు పెరగడానికి బయటికి జరిపే గది భాగం) బయటే ఇరుక్కుపోతే మరీ కష్టం. ఇంజిన్ బాగానే ఉంటుంది, బండి మాత్రం కదల్లేదు. ప్లాన్ కొనేముందు దీని గురించి విడిగా అడగాలి.

టర్న్‌పైక్‌ల సంగతీ ముందే తెలుసుకుంటే మంచిది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా టర్న్‌పైక్‌ల లాంటి టోల్ రోడ్ల మీద అధికారులు అనుమతించిన టోయింగ్ కంపెనీలే బండిని ముట్టుకోవాలి. మీ ప్లాన్ ట్రక్ లోపలికి రాలేదు. వచ్చినవాళ్లకి మీరు డబ్బు కట్టి, తర్వాత బిల్లు పంపి వసూలు చేసుకోవాలి, ప్లాన్‌లో ఆ వెసులుబాటు ఉంటే.

2021లో అమెరికాలో ఆరు లక్షల ఆర్‌వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి, అది రికార్డు, వాటిలో చాలా భాగం ట్రైలర్లే అయినా. వాటిని బాగుచేసే చేతులు మాత్రం అదే వేగంతో పెరగలేదు. అందుకే పంపిస్తామన్న మాటకీ నిజంగా వచ్చి చేరే సమయానికీ మధ్య గంటలు గడిచిపోతుంటాయి. పక్కన షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లుంటే ఆ గంటలు భారంగా ఉంటాయి, మందులూ నీళ్లూ దగ్గర పెట్టుకోండి.

అద్దె బండైతే మొదటి ఫోన్ మీ కార్డు వాళ్లకి చేయొద్దు. అద్దెకిచ్చిన కంపెనీ ఇచ్చిన నంబరుకే చేయాలి, వాళ్ల అనుమతి లేకుండా రిపేరు చేయిస్తే డబ్బు తిరిగి రాకపోవచ్చు. ఎవరికి చేసినా బండి పొడవు, ఎత్తు, బరువు, ఇంజిన్ ముందుందా వెనకుందా, వెనక కారు తగిలించి ఉందా అన్నది ముందే చెప్పండి. ఇవి సరిగ్గా చెప్పకపోతే కారుని లాగే చిన్న ట్రక్ వచ్చి, చూసి, వెళ్లిపోతుంది.