తీగల టోపీ ఏం వింటుంది?

చిరంజీవులకు,

ఆసుపత్రిలో అన్నయ్య తలకు తీగల టోపీ పెట్టారనీ, వాడి ఆలోచనలన్నీ కంప్యూటర్లో కనిపించేశాయా అనీ అడిగారు. ఆలోచనలు కనిపించవర్రా. మెదడులోంచి వచ్చే సన్నటి కరెంటు అలలు గీతలుగా పడతాయి, అంతే. మనిషి తల మీంచి ఆ అలల్ని పట్టవచ్చని జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లోనే చూశాడు.

నా చిన్నప్పుడు మా నాన్న పడక్కుర్చీలో కునుకు తీస్తుంటే, మేం పక్కన కూర్చుని ఎక్కాలు వల్లించేవాళ్ళం. ఆయన నిద్రలో ఉన్నాడు కదా అని మా తమ్ముడు ఏడో ఎక్కంలో ఒక మెట్టు ఎగరేశాడు. టక్కున కళ్ళు తెరిచాడు నాన్న! అప్పటిదాకా ఒక్క అంకె విన్నట్టు లేదు, తప్పిపోయినది మాత్రం విన్నాడు.

మెదడూ అలాగే కాపలా కాస్తుంది. మాటల్లేని సినిమా ఏదో చూడమని, చెవుల్లో ఒకే తీరుగా బీప్, బీప్ అని వినిపిస్తారు. నడుమ ఒక బీప్ కాస్త పొడుగ్గా వస్తుంది. మనం పట్టించుకోకపోయినా మెదడు పావు సెకనులోపే ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటు వోల్టులో పది లక్షల వంతుల లెక్క. వందల బీపులు వినిపించి సగటు తీస్తేనే కంటికి ఆనుతుంది. ఫిన్లాండ్‌కు చెందిన రిస్టో నాటనెన్, ఆయన తోటివాళ్ళు 1978లో దీన్ని లోకానికి చెప్పారు.

ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం లాంటివాటిని సైకోసిస్ అంటారు. అది ఉన్న చాలామందిలో ఈ ఉలికిపాటు చిన్నదిగా ఉంటుంది. కొన్ని పరిశోధనల్లో, జబ్బు పూర్తిగా బయటపడక ముందే అది తగ్గినట్టు కనబడింది. డాక్టర్ల ఆశంతా అక్కడే.

అయితే, బాగా అలసిన రోజున మా నాన్న రెండు మెట్లు ఎగిరిపోయినా కదిలేవాడు కాదు. అంతమాత్రాన ఆయనకు చెవుడని అంటామా? అలాగే, ఆ ఉలికిపాటు అల చిన్నదైనంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందనీ అనలేం. గుంపుకీ గుంపుకీ తేడా తెలుస్తుంది గానీ, ఒక్కడి గీత చూసి జోస్యం చెప్పలేరు. తొలి లక్షణాలతో వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి తర్వాతి రెండు మూడేళ్ళలో సైకోసిస్ రానే రాదు. ఈ సంగతి పెద్దవాళ్ళే మరిచిపోయి గుసగుసలాడతారు. అందుకే డాక్టరు గీతలతో ఆగకుండా నిద్ర పడుతోందా, చదువు మీద మనసు నిలుస్తోందా అని అన్నయ్యను కూర్చోబెట్టి అడుగుతాడు. మీరు మాత్రం టోపీ గురించి ఏడిపించకుండా వాడిని ఆటకు పిలవండి.

నిద్రలో కూడా ఈ కాపలా ఎలా సాగుతుందో నాకిప్పటికీ అబ్బురమే. ఎవరైనా పుస్తకంలో మునిగి ఉన్నప్పుడు, బల్ల మీద వేలితో ఒకే తీరుగా కొడుతూ ఉండండి. ఉన్నట్టుండి ఒక దెబ్బ ఎగ్గొట్టి వాళ్ళ కళ్ళకేసి చూడండి. తిట్లు పడితే నా పేరు చెప్పండి.

మీ తాతయ్య