పెన్ను మీద పడ్డ గుంట గురించి

పిల్లలూ, ఎట్లా ఉన్నారు? ఇక్కడ బెజవాడలో ఉక్కపోత చంపేస్తోంది. మీరు మొదలుపెట్టిన చింతకర్ర పెన్ను మధ్యలో బొక్క బయటపడిందని, కర్ర పారేయాలా అని అడిగారు కదా, అస్సలు పారేయొద్దు. చింతకర్ర అన్నాక ముడులు, పురుగు తిన్న బొక్కలు మామూలే, నన్నడిగితే నున్నగా ఉన్న కర్ర కంటే అదే బాగుంటుంది.

బొక్కలు పూడ్చడం కొత్తేం కాదు. మన కొండపల్లి బొమ్మల వాళ్ళు తెల్లపొణికి కర్ర ముక్కలు అతికించడానికి, సందులు కప్పడానికి చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు, ఎప్పట్నుంచో ఉన్న పని. బొమ్మకి అది సరిపోద్ది, పెన్నుకి చాలదు, ఎందుకంటే పెన్ను చెమట చేతిలో నలుగుద్ది, పైగా లేత్ (కర్రని తిప్పే మెషిన్) మీద స్పీడుగా తిరిగేటప్పుడు ఉలి తగిలితే ఊడొచ్చుద్ది. అందుకే మనకి ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ కావాలి, దాని అసలు పేరు సైనోయాక్రిలేట్. 1942లో కొడాక్ కంపెనీలో కూవర్ అనే ఆయన తుపాకీ గురి అద్దాల కోసం ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది దొరికింది, దేనికి పడితే దానికి అంటుకుపోతోందని పక్కన పెట్టేశారు, మళ్ళీ 1958లో గానీ అమ్మకానికి రాలేదు. ఇంకో సంగతి, ఇది పెయింటులాగా ఆరి గట్టిపడేది కాదు, తేమ తగిలితే గట్టిపడుద్ది, అందుకే మూత సరిగ్గా పెట్టకపోతే సీసాలోనే బిగుసుకుపోద్ది.

ఇప్పుడు పని. పెన్ను ఫైనల్ సైజుకి ఇంకొంచెం లావుగా ఉన్నప్పుడే మెషిన్ ఆపి గుంట నింపాలి. పాత టూత్ బ్రష్‌తో లోపలి దుమ్ము దులిపేయండి. గుంట అడుగున, కర్ర లోపల ఎక్కించిన ఇత్తడి ట్యూబు మెరుస్తుంటే అక్కడ కాస్త నల్లరంగు పూయండి, లేకపోతే ఎంత నింపినా ఆ మెరుపు కనపడుద్ది (తర్వాతసారి ట్యూబు ఎక్కించే ముందే రంగేస్తే ఈ బాధ ఉండదు). తర్వాత పొడి (ఏ పొడో కింద చెప్తాను) కూరి, పైన పల్చటి గ్లూ ఒక్క చుక్క వెయ్యండి. పొడి దాన్ని గుటుక్కున పీల్చేసి రంగు ముదురుతుంది, ఒక్కోసారి వేడెక్కి సన్నగా పొగ కూడా వస్తుంది, అప్పుడు ముఖం దాని మీదికి వంచొద్దు, కళ్ళు మండుతాయి. ఒకేసారి నిండుగా పోస్తే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోద్ది, కొంచెం కొంచెం పొరలుగా వేస్తూ కర్ర కంటే కాస్త ఉబ్బెత్తుగా రానివ్వండి. పూర్తిగా బిగిశాక ఉలి, ఆ తర్వాత సాండ్ పేపర్. గోరుతో గీస్తే అంచు తగలకూడదు.

ఏ పొడి అంటారా, అందరూ అదే కర్ర పొట్టు అంటారు గానీ నాకు నచ్చదు. గ్లూ తగలగానే పొట్టు నల్లబడి, కలిసీ కలవక మరకలా కనపడుద్ది. దాచాలని చూడకుండా కాఫీ పొడి కూరేయండి, అచ్చం కర్రలో పుట్టిన ముడిలా ఉంటుంది. వంటసోడా అయితే క్షణంలో బిగుస్తుంది గానీ తెల్లగా మిగుల్తుంది, నల్లటి కర్ర మీద అసహ్యం.

చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. కారిన గ్లూని నూలుగుడ్డతో గానీ దూదితో గానీ తుడవొద్దు, అది నూలుకి తగిలితే చర్మం కాలేంత వేడి పుట్టుద్ది, కళ్ళద్దాలు పెట్టుకోండి, లేత్ దగ్గర నాన్న ఉండాలి. వేళ్ళు అంటుకుంటే లాక్కోవద్దు, గోరువెచ్చటి సబ్బునీళ్ళలో నానబెడితే మెల్లగా వదుల్తాయి.

గుంట మరీ పెద్దదైతే గ్లూతో కుస్తీ పట్టొద్దు, అరాల్డైట్ (రెండు ట్యూబుల్లో వచ్చే జిగురు) రెండూ కలిపి అందులో కాఫీ పొడి వేసి నింపి, తెల్లారేదాకా ముట్టుకోకండి. సాండింగ్ అయ్యాక గుంట వైపు నుంచే ఫోటో తీసి పంపండి.

తాతయ్య